పదమూడో ఎక్కం చెబుతూ గుర్రం ఎక్కాను

2024 మార్చిలో మళ్లీ లాయానికి వెళ్లిన మొదటి రోజు నేను గుర్రం ఎక్కలేదు. ఎక్కడానికి వేసిన చెక్క మెట్ల మీద నిలబడ్డాను, ఎడమ కాలు రికాబులో పెట్టాను. అంతే, కుడి కాలు లేవలేదు. అరచేతుల్లో చెమట పట్టి పగ్గాలు జారిపోతున్నాయి. లాయంలో గుర్రాల్ని చూసుకునే సైస్ అన్న నా వైపు చూడకుండా, కళ్లెం పట్టుకుని గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు. అతను చూడకపోవడం ఎంత మేలు చేసిందో ఆ తర్వాత అర్థమైంది. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో గడిచాక కాలు వెనక్కి తీసేసి కిందికి దిగాను.

కోచ్ మేడమ్ వచ్చి, "సరే, ఇవాళ స్వారీ వద్దు. బ్రష్ తీసుకుని దాని ఒళ్లు తోము. నీ గుండె దడ తగ్గేదాకా ఇక్కడే ఉండు, తగ్గాక ఇంటికి వెళ్లు" అన్నారు. ఫీజు కట్టిన ముప్పావు గంటా నేను గుర్రం ఒళ్లు తోముతూనే ఉన్నాను. ఇంటికెళ్లేటప్పుడు కారులో ఏడుపొచ్చింది. కానీ ఆ రోజు అలా గడిచింది కాబట్టే మళ్లీ వారం వెళ్లగలిగాను.

అసలు సంగతి అంతకు ఏడు నెలల ముందు జరిగింది. దానికంటే ముందు మా తాతయ్య గురించి చెప్పాలి. ఆయన హిందూపురం రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. నాకు ఊహ తెలిసేసరికి బండీ లేదు, గుర్రమూ లేదు. ఇంటి వెనక రేకుల పాకలో ఒక పాత కళ్లెం మాత్రం మేకుకు వేలాడుతూ ఉండేది. దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసేదాన్ని. ముందు గుర్రానికి ఉలవలు ఉడకాలి, తర్వాతే ఇంట్లో అన్నం ఉడకాలి అనేవాడు తాతయ్య. గుర్రం ఎక్కాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది. అది తీరడానికి ముప్పై ఆరేళ్లు పట్టింది. బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్లిలో ఇల్లు, పాప స్కూలు అన్నీ ఒక దారికొచ్చాక 2023 జనవరిలో ఒక రైడింగ్ స్కూల్లో చేరాను.

మొదటి ఆరు నెలలూ బాగానే గడిచాయి. ఆగస్టులో పడ్డాను. ట్రాట్, అంటే నడక కంటే వేగంగా ఎగిరెగిరి సాగే అడుగు, ఇంకా కుదురుకోలేదు, నాకు ఇంకో నెల కావాలి అని అక్కడి టీచర్‌కు చెప్పాను. "ఆలోచిస్తూ కూర్చుంటే ఎప్పటికీ రాదు" అని ఆయన గుర్రం వెనక కొరడా ఝళిపించాడు. గుర్రం కాంటర్, అంటే ట్రాట్ కంటే వేగమైన పరుగు, అందుకుంది. సరిగ్గా అప్పుడే కంచెకు కట్టిన ఫ్లెక్సీ ఒకటి గాలికి టపటపా కొట్టుకుంది. గుర్రం పక్కకు ఎగిరింది. "గట్టిగా పట్టుకో!" అని ఆయన అరిచాడు. నేను ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాను. చేతులతో పగ్గాలు లాగాను, కాళ్లతో దాని పొట్ట నొక్కాను. ఇప్పుడైతే తెలుసు, కాళ్లతో నొక్కడమంటే గుర్రానికి ముందుకు పొమ్మని చెప్పడమే. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టు. అది ఇంకా జోరందుకుంది. మలుపు దగ్గర నేను ఎడమ భుజం మీద పడ్డాను. కాలర్ బోన్ విరిగింది.

ఆరు వారాలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగాను. ఎముక అతుక్కుంది. తల కూడా నేలకు తగిలింది కాబట్టి పాత హెల్మెట్ పారేసి కొత్తది కొన్నాను. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర నలిగి ఉంటుంది, దాన్ని మళ్లీ వాడకూడదు. పడ్డ వెంటనే మళ్లీ ఎక్కితే భయం పోతుందంటారు. విరిగిన ఎముకతో ఎవరు ఎక్కుతారు? ఆ ఆరు వారాల్లో భయం నాలో ఇల్లు కట్టుకుంది.

శనివారం తెల్లవారుజామున కారు తీసేదాన్ని. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే హెబ్బాళ ఫ్లైఓవర్ కనిపించగానే కడుపులో తిప్పేది. ఎక్కడో ఒక చోట యూటర్న్ తీసుకుని వచ్చేసేదాన్ని. తిప్పగానే ఒళ్లంతా తేలికయ్యేది. ఆ తేలికదనం ఎంత హాయిగా ఉండేదో! "ఎందుకంత కష్టం, మానేయరాదా" అనేవాడు మా ఆయన. అమ్మ ఫోన్‌లో, "చెయ్యి విరిగింది చాలదా తల్లీ" అనేది. ఇద్దరిదీ ప్రేమే. కానీ నాకు మానాలని లేదు, వెళ్లే ధైర్యమూ లేదు. నాలుగు నెలలు ఆ రెండింటి మధ్యే నలిగాను.

మా ఆఫీసులో ఉద్యోగులకు కౌన్సెలర్ సదుపాయం ఉంది. డిసెంబర్‌లో సిగ్గుపడుతూనే ఆవిడతో మాట్లాడాను. ఇంతమందికి ఇన్ని కష్టాలుంటే నేను గుర్రం గురించి మాట్లాడటమేమిటి అనిపించింది. ఆవిడ అలా అనుకోలేదు. నేను యూటర్న్ తీసుకున్నాక వచ్చే హాయి గురించి చెప్పగానే అక్కడే ఆపారు. "ఆ హాయే మీ భయాన్ని పెంచుతోంది. వెనక్కి తిరిగిన ప్రతిసారీ మీ శరీరం ఒక పాఠం నేర్చుకుంటోంది: తిరిగాను కాబట్టి బతికాను అని. వచ్చేసారి ఇంకా ముందే తిప్పమంటుంది" అన్నారు. నిజమే. మొదట్లో ఎలహంక దాకా వెళ్లి తిరిగేదాన్ని, తర్వాత హెబ్బాళ దగ్గరే, చివరికి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే.

ఆవిడ నాతో ఒక నిచ్చెన రాయించారు. పాప స్కూలు కోసం కొన్న రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో రాశాను. గుర్రానికి సంబంధించి నన్ను భయపెట్టే ప్రతి పనికీ 0 నుంచి 10 దాకా ఒక అంకె వెయ్యాలి. హెబ్బాళ దాటడం 4. లాయంలోకి అడుగుపెట్టడం 5. ఎవరో పట్టుకుని ఉండగా గుర్రం మీద కూర్చోవడం 7. ట్రాట్ 9. కాంటర్‌కు 10 వేసి, అది చాలదనిపించి దాని కింద రెండు గీతలు గీశాను. కింది మెట్టు మీద అంకె సగానికి పడేదాకా పై మెట్టు ఎక్కకూడదు. భయం పైపైకి వెళ్తున్నప్పుడు పారిపోకూడదు, కాస్త తగ్గేదాకా అక్కడే ఉండి అప్పుడు బయటికి రావాలి. చూడటానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది. కానీ "భయం" అన్న ఒకే ఒక్క పెద్ద ముద్ద నా కళ్ల ముందే పదకొండు చిన్న ముక్కలైంది. వాటిలో రెండు మూడు ముక్కలు నేను ఇవాళే చెయ్యగలిగినవి!

మార్చిలో మొదటి రోజు నేను చేసిన తప్పు కూడా ఇదే. డబ్బు కట్టాను కదా అని మధ్యలో మూడు మెట్లు వదిలేసి నేరుగా 7 మీదికి కాలెత్తబోయాను. మేడమ్‌కు నా నోట్‌బుక్ సంగతి తెలియదు. అయినా దడ తగ్గేదాకా ఉండమని ఆవిడ చెప్పిందీ, కౌన్సెలర్ చెప్పిందీ ఒకటే.

పాత స్కూలు వదిలి నేను చేరిన ఈ కొత్త చోటు ఎలహంక దాటాక దొడ్డబళ్లాపుర వైపు ఉంది. పెద్ద హంగులేమీ లేవు. పన్నెండు గుర్రాలు, ఒక మట్టి రింగు, రెండు వేపచెట్లు. మేడమ్ కన్నడవారు, బెంగళూరులో పెరిగినవాళ్లకు వచ్చే తెలుగు చక్కగా మాట్లాడతారు. సైస్ అన్న కదిరి వైపు నుంచి వచ్చాడు. నాకంటే చిన్నవాడే, అయినా నేను అన్నా అంటాను, అతను అక్కా అంటాడు. నాకిచ్చిన గుర్రం పేరు మున్నీ. పద్నాలుగేళ్ల ఆడగుర్రం, గోధుమరంగు, నుదుట తెల్లటి చుక్క. ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తింది. అప్పట్లో దానికి పెద్ద ఇంగ్లిష్ పేరు ఉండేదట, ఇక్కడ ఎవరికీ గుర్తులేదు.

రెండో వారం మేడమ్ నన్ను ఒక ప్రశ్న అడిగారు. "ఏం జరుగుతుందని నీ భయం? గుర్రం అని చెప్పొద్దు. సరిగ్గా ఏం జరుగుతుందని?" అంతవరకు ఎవరూ అలా అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. చాలాసేపు ఆలోచించి చెప్పాను: "అది పరుగందుకున్నాక నేను ఆపలేకపోతానేమోనని." ఆవిడ తలూపి, "అయితే మొదట ఆపడమే నేర్చుకుందాం. పరుగు సంగతి తర్వాత" అన్నారు.

రెండు నెలలు అదే చేశాం. నిలబడ్డ గుర్రం మీద నుంచి రెండు రికాబులూ వదిలి, ముందుకు వంగి, కాళ్లు వెనక్కి ఊపి ఒక్కసారిగా కిందికి దూకడం. ఎడమ వైపు పది సార్లు, కుడి వైపు పది సార్లు. తర్వాత నడుస్తున్న గుర్రం మీద నుంచి. ఒక్క పగ్గంతో తలను మెల్లగా పక్కకు తిప్పి, గుర్రాన్ని చిన్న వలయంలోకి తెచ్చి ఆపడం. దీన్ని నడకలోనే నేర్చుకోవాలి, జోరులో ఉన్నప్పుడు తల ఒక్కసారిగా గుంజితే అది తూలి పడే ప్రమాదముంది. మెడ చుట్టూ ఒక తోలు పట్టీ కట్టారు, నెక్ స్ట్రాప్ అంటారు. భయమేస్తే పగ్గాలు కాదు, ఆ పట్టీ పట్టుకోవాలి. పగ్గాలు పట్టుకుని వేలాడితే ఆ బరువంతా గుర్రం నోటి మీద పడుతుంది. "రేసు గుర్రమక్కా ఇది. పగ్గం గుంజితే పరిగెత్తమన్నావనుకుంటాది. గుంజాకు, అడుగు" అనేవాడు సైస్ అన్న.

"భయపడకు" అన్న మాట వల్ల నాకు జీవితంలో ఒక్కసారి కూడా మేలు జరగలేదు. ఎలా ఆపాలో చేతులకు తెలిసిన రోజు మాత్రం నోట్‌బుక్‌లో అంకెలు వాటంతటవే కిందికి దిగాయి.

ఆ రోజుల్లో గుర్రం మీద గడిపిన సమయం కంటే పక్కన నిలబడి గడిపిందే ఎక్కువ. సైస్ అన్న నాకు గుర్రాన్ని చూడటం నేర్పాడు. కళ్లు తల పక్కలకు ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, కానీ ముక్కుకు ఎదురుగా, తోక వెనక కనిపించదు. అందుకే భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లాలి. చెవులు ఎటు తిరిగితే మనసు అటు. వెనక్కి పూర్తిగా అతుక్కుపోతే కోపం. డెక్క ఎత్తి ఇనుప కొక్కెంతో మట్టి తీసేటప్పుడు మధ్యలో ఉండే మెత్తటి భాగానికి తగలనివ్వకూడదు. ఒంటి మీద ఈగ వాలినా అక్కడి చర్మం మాత్రమే జలదరిస్తుంది, నేను గంటల తరబడి అది చూస్తూ నిలబడగలను. ఈగ బరువు తెలిసే జంతువుకు తన మీద కూర్చున్న మనిషి తొడలు బిగుసుకున్నాయో లేదో తెలియదా?

ఒక రోజు అతను నా చెయ్యి పట్టుకుని మున్నీ దవడ ఎముక కింది అంచున పెట్టాడు. "నాడి ఉండాది చూడక్కా." రెండు వేళ్లు ఆనించి వెతికాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత లావుపాటి దారం లాంటిది వేళ్ల కింద జారింది, అందులో ఒక కొట్టుకోలు. చాలాసేపటికి ఇంకొకటి. ఆగిపోయిందేమో అనుకునేంత నిదానం. గడియారం చూసి అర నిమిషం లెక్కపెట్టాను, 18. అంటే నిమిషానికి 36. ఊరికే నిలబడి ఉన్న గుర్రానికి 28 నుంచి 44 దాకా ఉంటుందని మేడమ్ చెప్పారు. నా చేతి వాచీలో చూస్తే నాది 118. నేనూ ఊరికే నిలబడే ఉన్నాను! అర టన్ను బరువున్న ఆ జీవం అంత నిదానంగా, దాని పక్కన నేనింత వేగంగా. వేళ్లు తియ్యబుద్ధి కాలేదు. అక్కడే నిలబడి దాని రెండు కొట్టుకోళ్ల మధ్య ఊపిరి తీసి, మూడింటి దాకా వదలడం మొదలుపెట్టాను. పది నిమిషాలకు వాచీ 92 చూపించింది.

ఊపిరి విషయం నాకు అన్నిటికంటే పెద్ద పాఠం. భయమేస్తే నేను ఊపిరి పీల్చి బిగబట్టేస్తాను. నాకది తెలియదు, సైస్ అన్నకు తెలుసు. గుర్రం మీద కూర్చున్న మొదటి రోజు నుంచీ, "అక్కా, ఊపిరి బిగబట్టాకు" అని అతను అనని వారం లేదు. వదిలే ఊపిరి తీసుకున్నదానికంటే పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. నాలుగు అడుగులకు పీల్చి, ఆరు అడుగులకు వదలమన్నారు. నడకలో కుదిరింది కానీ ట్రాట్‌లో లెక్క తప్పేది. అప్పుడు మేడమ్, "గట్టిగా ఏదైనా పైకి చెప్పు. మాట్లాడేవాళ్లు ఊపిరి బిగబట్టలేరు" అన్నారు. ఆ క్షణంలో నా నోటికొచ్చింది పదమూడో ఎక్కం. మూడో తరగతిలో ఎంత కొట్టించుకున్నానో ఆ ఎక్కానికి, అందుకే అంత లోపల నిలిచిపోయింది కాబోలు. పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది. జీను మీద లేస్తూ కూర్చుంటూ, ఒక్కో మాటకు ఒక్కో లేవడం. డెబ్బై ఎనిమిది దగ్గరికొచ్చేసరికి భుజాలు కిందికి దిగేవి. రింగు బయట ఉన్న పిల్లలు మొదట వింతగా చూశారు, తర్వాత నాతో పాటు చెప్పేవారు.

ట్రాట్ అలా ఆగస్టుకల్లా వచ్చేసింది. కానీ మధ్యలో జూన్‌లో ఒక వారం జరిగిందీ చెప్పాలి, లేకపోతే నేను చెప్పేదంతా సాఫీగా నడిచిందనుకుంటారు. రాత్రి వాన పడి, గడ్డి మీద కప్పిన నీలం టార్పాలిన్‌లో నీళ్లు నిలిచాయి. మున్నీ దాని పక్కగా వెళ్తుంటే నీళ్లు ఒక్కసారి దబ్బున కిందికి జారాయి. అది రెండడుగులు పక్కకు గెంతింది, అంతే, ఆగిపోయింది కూడా. నేను పడలేదు. కానీ ఫ్లెక్సీ చప్పుడు, పాత రింగు, భుజం నొప్పి అన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. దిగేసి, మున్నీ మెడకు ఆనుకుని ఏడ్చాను. నోట్‌బుక్‌లో 3 దాకా దిగిన నడక మళ్లీ 8. మళ్లీ మొదటికొచ్చాననే అనుకున్నాను. "మొదటికి రాలేదు. కిందటేడాది నువ్వు పట్టీ పట్టుకునేదానివా? ఇవాళ పట్టుకున్నావు, నేను చూశాను" అన్నారు మేడమ్. నాకు గుర్తే లేదు. నా చేతులు నన్ను అడగకుండానే ఆ పని చేశాయి. మరుసటి వారం రెండు మెట్లు దిగి, తాడు కట్టి తిప్పే లాంజింగ్ నుంచి మొదలుపెట్టాం. మూడు వారాల్లో ఉన్నచోటికే వచ్చాను.

ఆ మధ్యే చదివాను, స్వీడన్‌లో చేసి 2009లో ప్రచురించిన ఒక పరిశోధన గురించి. గుర్రాల మీద మనుషుల్ని ఒకే దారిలో నాలుగు సార్లు తీసుకెళ్లి, నాలుగోసారి ఒక గొడుగు ఫట్‌మని తెరుస్తామని చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా ఆ నాలుగోసారి మనుషుల గుండె వేగం పెరిగింది, ఏమీ తెలియని గుర్రాల గుండె వేగమూ పెరిగింది. ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు. అంటే నేనే మున్నీని భయపెడుతున్నానా? నా లాంటిది అసలు గుర్రం ఎక్కకూడదేమో అనిపించింది. మేడమ్‌తో అదే చెప్పాను. "గుర్రానికి నీ ఆలోచనలు తెలియవు. నీ దవడ, నీ ఊపిరి, నీ తొడలు, నీ వేళ్లు తెలుస్తాయి. ఆలోచన నీ చేతిలో ఉండకపోవచ్చు, ఈ నాలుగూ నీ చేతిలోనివే" అన్నారు. అప్పటి నుంచి భయమేసినప్పుడు భయంతో పోట్లాడటం మానేశాను. దవడ వదులు చేశానా? ఊపిరి వదిలానా? తొడలు? వేళ్లు? ఈ నాలుగూ వరసగా చూసుకుంటూ పోతాను. చూడటం పూర్తయ్యేసరికి సగం దారి దాటేసి ఉంటాం.

మా రింగులో పిల్లలకు ఫువాద్ మిర్జా అంటే ప్రాణం. ఆయన బెంగళూరువాడే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చాడు, వ్యక్తిగత పతకమైతే 1982 తర్వాత భారత్‌కు గుర్రపు స్వారీలో అదే మొదటిది. టోక్యో ఒలింపిక్స్‌లో ఈవెంటింగ్‌లో, అంటే మూడు రకాల స్వారీ పరీక్షలు కలిసిన పోటీలో, 23వ స్థానంలో నిలిచాడు. అందులో ఆరుబయట అడ్డంకులు దూకుతూ వెళ్లే క్రాస్ కంట్రీకి ముందు రైడర్లు దారంతా కాలినడకన తిరిగి చూసుకుంటారని ఒక పదేళ్ల పాప నాకు చెప్పింది. అంత పెద్ద ఆటగాళ్లే నడిచి చూసుకుంటే నేనెందుకు చూసుకోకూడదు? మరుసటి వారం నుంచి అరగంట ముందే వెళ్లి, గుర్రం లేకుండా నేనొక్కదాన్నే రింగులో నడిచేదాన్ని. ఈ మలుపులో ఊపిరి వదులుతాను, ఈ మూల దగ్గర కళ్లు ఆ వేపచెట్టు మీద పెడతాను. అంతా సవ్యంగా జరుగుతుందని ఊహించుకోవడం నాకు ఎన్నడూ పని చెయ్యలేదు, మనసు నమ్మదు. అందుకే తప్పు జరగడం కూడా ఊహించుకునేదాన్ని: ఇక్కడ అది ఉలిక్కిపడింది, నేను పట్టీ పట్టుకున్నాను, మడమలు కిందికి దించాను, చిన్న వలయం తిప్పాను, ఆగింది. రాత్రి పడుకునే ముందు మంచం మీద కూడా ఇదే సినిమా వేసుకునేదాన్ని, చివర్లో ప్రతిసారీ మున్నీ ఆగేది.

2025 ఫిబ్రవరి 10 నుంచి 14 దాకా ఎలహంక ఎయిర్ ఫోర్స్ స్టేషన్‌లో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగింది. దానికి ముందు రిహార్సళ్లు జరుగుతున్న రోజుల్లో ఒక ఉదయం నా క్లాసు. "వాయిదా వేద్దామా? నీ ఇష్టం" అని మేడమ్ అడిగారు. నా అంకె 6. కొంచెం ఆలోచించి, నడక మాత్రమే చేస్తాను, సైస్ అన్న రింగు లోపల ఉంటే చాలు అన్నాను. ఎంత చెయ్యాలో నేనే నిర్ణయించుకోవడం నాకు కొత్త. అది కూడా మేడమ్ నేర్పిందే.

రెండో రౌండులో మొదటి విమానం వచ్చింది. ముందు ఏమీ వినిపించలేదు, తర్వాత ఆకాశం చిరిగినట్టు ఒక చప్పుడు. ఒంట్లో ఎముకలు కూడా కదిలాయి. మున్నీ ఆగిపోయింది. తల పైకెత్తింది, చెవులు రెండూ నిలబడ్డాయి, వెన్ను నా కింద రాయిలా గట్టిపడింది. కానీ అది పరిగెత్తలేదు. రోజూ ఆ ఆకాశం కింద బతికే గుర్రం అది. అప్పుడు నాకు తెలిసింది, దాని ఒంటి కంటే నా ఒళ్లే ఎక్కువ బిగుసుకుని ఉందని. మోకాళ్లు పైకి వచ్చేసి జీనును పిండుతున్నాయి. నా కాళ్లు నొక్కడంతోనే అది ఒక అడుగు ముందుకు తుళ్లింది. విమానం వల్ల కాదు, నా వల్ల.

పట్టీ పట్టుకున్నాను. దవడ. పదమూడు ఒకట్లు పదమూడు. గొంతు వణికింది కానీ వచ్చింది. తొడలు వదులు చేశాను, కాళ్లు తడిసిన బట్టల్లా కిందికి వేలాడాయి. పదమూడు రెళ్లు ఇరవై ఆరు. ఎడమ పగ్గం వేలితో మాత్రం అడిగాను, చిన్న వలయం. అది నడిచింది. రెండో విమానం వచ్చింది. మున్నీ ఒక చెవి ఆకాశం వైపు పెట్టి, రెండో చెవి వెనక్కి, నా వైపు తిప్పింది. నా ఎక్కం వింటోంది! ఆ చెవి నా వైపు తిరిగిన క్షణాన్ని నేను చచ్చేదాకా మర్చిపోను. నూట నాలుగు దగ్గర అది ముక్కుపుటాలు అదురుతుండగా బుర్రుమని పొడుగ్గా ఊపిరి వదిలి తల కిందికి దించింది. రింగు మధ్యలో నుంచి సైస్ అన్న, "సాలక్కా, అదీ నువ్వూ ఇద్దరూ వదిలేసినారు" అన్నాడు.

ఆ రోజు ఇంటికెళ్లాక నోట్‌బుక్‌లో ట్రాట్ పక్కన 2, విమానం అని కొత్తగా ఒక మెట్టు రాసి దాని పక్కన 4 వేశాను.

ఏప్రిల్‌లో కాంటర్ చేశాను. నేనే అడిగాను. లాంజ్ తాడు మీద, పట్టీ పట్టుకుని, ఆరంటే ఆరు అడుగులు. మూడు దెబ్బల చప్పుడు కింద నుంచి వినిపించింది, తర్వాత ఒక చిన్న ఖాళీ, మళ్లీ మూడు దెబ్బలు. ఉయ్యాలలా ఉంటుందని అందరూ చెప్పేవారు. నాకు మాత్రం జట్కాలా అనిపించింది, నేనెప్పుడూ ఎక్కని మా తాతయ్య జట్కాలా. దిగాక మోకాళ్లు వణికాయి. వాచీ 141 చూపించింది. నోట్‌బుక్‌లో రెండు గీతల పైన ఉన్న 10 కొట్టేసి 6 రాశాను.

మరుసటి వారం మేడమ్‌ను అడిగి, ఇంట్లో ఉలవలు ఉడకబెట్టి, ఉప్పు వెయ్యకుండా చల్లార్చి చిన్న డబ్బాలో తీసుకెళ్లాను. ఒక్క గుప్పెడే పెట్టమన్నారు. అరచెయ్యి చాపి పట్టుకుంటే మున్నీ పెదాలతో ఒక్కో గింజా ఏరుకుని తింది. మూతి మీది పొడుగు వెంట్రుకలు అరచేతికి గిలిగింత పెట్టాయి.

ఇప్పుడు నిచ్చెనలో ఒక మెట్టు మిగిలింది. రింగు గేటు దాటి, ద్రాక్షతోటల మధ్య మట్టి బాటలో అర కిలోమీటరు నడిపించి వెనక్కి రావడం. ప్రస్తుతానికి దాని అంకె 7. ఈ శనివారం గుర్రం లేకుండా ఆ బాట నడిచి చూసి వస్తాను. సైస్ అన్న కూడా వస్తానన్నాడు, ఎక్కడ కుక్కలుంటాయో చూపిస్తాడట.